మాస్టారు చెప్పిన చైనా నవల

మన కళాశాలలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతుండగా మా ఇంగ్లీషు మాస్టారు సిలబస్‌లో లేని ఒక నవలను సాయంత్రాలు కూర్చోబెట్టి చెప్పారు. చైనాలో పుట్టి 1984లో ఫ్రాన్సు చేరిన దై సిజీ ఫ్రెంచిలో రాయగా 2000లో వెలువడిన ‘బాల్జాక్ అండ్ ద లిటిల్ చైనీస్ సీమ్‌స్ట్రెస్’ అది. చైనాలో మావో 1966లో మొదలుపెట్టిన సాంస్కృతిక విప్లవం మీద ఉపన్యాసం తప్పదనుకున్నాం గానీ, ఆయన మాత్రం అలారం గడియారంతో మొదలుపెట్టారు.

కాయకష్టంతో ఆలోచనలు మార్చే ‘పునర్విద్య’ పేరుతో కొండ మీది పల్లెకు తరలించిన ఇద్దరు నగరపు కుర్రాళ్ల దగ్గర కోడిబొమ్మ ఉన్న గడియారం ఒకటి ఉంటుంది. అంతకుముందు గడియారమే ఎరుగని ఆ పల్లె నాయకుడు దాన్ని చూశాకే పనికి ఈల వేస్తాడు. పెంటబుంగలు వీపున మోయలేక కుర్రాళ్లు ముల్లు వెనక్కి తిప్పుతారు, మరోరోజు ముందుకు తిప్పుతారు, చివరికి అసలు వేళ ఎంతయిందో వాళ్లకే తెలియకుండా పోతుంది. ఒక్క రాజకీయ పదం కూడా వాడకుండా ఆ వ్యవస్థ లోపలి గుట్టు మాకు అర్థం చేయించిన ఆ గంట నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ తరువాతే చరిత్ర చెప్పారు. చదువుకున్న యువత పల్లెలకు వెళ్లి పేద రైతుల వద్ద నేర్చుకోవాలన్న మావో పిలుపు 1968 డిసెంబరులో వెలువడిందనీ, మొత్తం మీద దాదాపు కోటీ డెబ్బై లక్షల మంది అలా వెళ్లారనీ, రచయిత కూడా 1971 నుంచి 1974 వరకు సిచువాన్ కొండల్లో గడిపాడనీ వివరించారు. నవలలోని కుర్రాళ్లు హైస్కూలు గడప కూడా తొక్కని ‘మేధావులు’. పైగా వర్గశత్రువుల బిడ్డలు కాబట్టి తిరిగి ఇల్లు చేరే అవకాశం వెయ్యికి మూడు పాళ్లు.

ఆ కుర్రాళ్లు అక్కడ నిషేధిత పాశ్చాత్య నవలలున్న పెట్టె ఒకటి దొంగిలిస్తారు. నిషేధిత పుస్తకాలు మాకు కొత్త సంగతి కాదు, ఉన్నవ లక్ష్మీనారాయణ గారి ‘మాలపల్లి’ని మద్రాసు ప్రభుత్వం నిషేధించిందని తెలుగు తరగతిలో విన్నాం. అయితే అది మాకు పరీక్షలో రాసే రెండు మార్కుల జవాబు మాత్రమే. అంతకుముందే తోటి కుర్రాడొకడు అరువిచ్చిన ఫ్రెంచి రచయిత బాల్జాక్ నవలలోని కొంత భాగాన్ని, ఆ ఇద్దరిలో ఒకడైన కథకుడు కాగితం లేక తన గొర్రెతోలు కోటు లోపలివైపు ఎక్కించుకునే ఘట్టం వచ్చినప్పుడు, మాస్టారు మా చేత కూడా ఆ పని చేయించారు. ఎవరికి నచ్చిన పుస్తకంలోంచి వారు ఒకే ఒక్క పేజీ చేత్తో రాసి తేవాలి, ఆ పేజీనే ఎందుకు ఎంచుకున్నారో చెప్పాలి. ఇద్దరు ముగ్గురు అట్ట వెనక ఉన్న పరిచయాన్ని రాసుకొచ్చారు, వాళ్లను ఆయన ఏమీ అనలేదు. కోటు మీది రాత చూడగానే ఇది బాల్జాక్‌ను చైనీస్‌లోకి తెచ్చిన ఫూ లే అనువాదమని గుర్తుపట్టే డాక్టరు పాత్ర గురించి మాత్రం చాలాసేపు మాట్లాడారు. మావో పేరిట చెలరేగిన యువజన బృందాలైన ఎర్ర రక్షకదళాల వేధింపులు భరించలేక ఆ అనువాదకుడు 1966 సెప్టెంబరులో భార్యతో సహా ఆత్మహత్య చేసుకున్నారు.

మాస్టారి అసలు పట్టు మాత్రం నవల పేరులోని దర్జీ పిల్ల మీదే. ఆమె ‘మొరటుతనం’ పోగొట్టి నాగరికురాలిని చేయాలని, ఆమెను ప్రేమించిన రెండో కుర్రాడు లువో కథలు చదివి వినిపిస్తాడు కదా, ఇదీ పునర్విద్యే కాదా అని అడిగారు. తరగతి రెండుగా చీలిపోయింది. ఎర్రజెండా కుటుంబం నుంచి వచ్చిన ఒక మిత్రుడికి నవల మొత్తం పాశ్చాత్యుల మెప్పు కోసం రాసినట్టు అనిపించింది. మాస్టారు ఆ వాదనను కొట్టిపారేయక, నవలలో అందుకు ఆధారాలు చూపించమన్నారు. ఆమె జుట్టు కత్తిరించుకుని, చెప్పకుండా పట్నం వెళ్లిపోవడాన్ని మేం ఆడపిల్లలం విజయమన్నాం. ఆ కోపంతో లువో ఆ పుస్తకాలను తన చేతులతోనే తగలబెట్టడాన్ని సమర్థించే జవాబు మాత్రం మాలో ఎవరికీ దొరకలేదు.

ఆ మిత్రుడు ఇప్పుడు మరో ఊళ్లో ఇంగ్లీషు చెబుతున్నాడు. నవల మీద తన అభిప్రాయం ఇసుమంతైనా మారలేదంటూనే, దాన్ని ఏటా తన విద్యార్థుల చేత చదివిస్తున్నాడు.