పానగల్లులో నీడ, బస్సులో నవల

దిల్‌సుఖ్‌నగర్ నుంచి నల్లగొండ దాకా ఒక ఇంగ్లీషు థ్రిల్లర్ చదువుతూ వచ్చాను, పేరెందుకులెండి. చర్చి మీద పగబట్టిన ఇల్యుమినాటి అనే శాస్త్రవేత్తల రహస్య సంఘం, రోమ్ వీధులు, బాంబు టెన్షన్. చౌటుప్పల్ దాటేదాకా తలెత్తలేదు. ఆ తర్వాత గెలీలియో కూడా ఇల్యుమినాటి మనిషేనన్న పేజీ వచ్చింది, తిక్క రేగింది. ఆ సంఘాన్ని బవేరియాలో ఒక లా ప్రొఫెసర్ పెట్టింది 1776లో. గెలీలియో 1642లోనే పోయాడు! కోపర్నికస్‌ను చర్చి చంపించిందట. ఆయన స్వయానా చర్చి కొలువులో ఉన్నవాడు, 1543లో పుస్తకం అచ్చయిన ఏడాదే జబ్బు చేసి పోయాడు. నిజంగా నడివీధిలో కాల్చింది బ్రూనో అనే తత్వవేత్తని, 1600లో. కథ కల్పించుకోవచ్చు, ఎవరొద్దన్నారు, కానీ మొదటి పేజీలోనే ఇదంతా నిజమన్నట్టు ముద్ర వేసి ఇలా రాస్తే ఎలా? అసలు జరిగిందే ఇంకా మంచి కథ. ఒకప్పుడు గెలీలియోను పొగుడుతూ పద్యం రాసిన స్నేహితుడే పోప్ అయ్యాక, 1633లో ఆయన్ని విచారణకు నిలబెట్టారు.

నల్లగొండ బస్టాండ్ నుంచి పానగల్లు నాలుగు కిలోమీటర్లుంటుందేమో, ఆటో అతను రెండు వందలన్నాడు. ఎండకు బేరమాడే ఓపిక లేక ఎక్కేశాను.

ఛాయా సోమేశ్వరాలయంలో ఒక కుర్రాడు ఫోన్ పట్టుకుని "సైన్సుకే సవాల్! నాసా వాళ్లే చేతులెత్తేశారు" అని వీడియో తీస్తున్నాడు. పడమటి గర్భగుడిలో లింగం వెనక గోడ మీద నిలువు నీడ, పొద్దంతా కదలదు. పూజారి గారు నవ్వి "ఏ నాసా వచ్చింది బిడ్డా, నేనైతే చూడలే" అని నా చెయ్యి పట్టుకుని మండపంలోకి తీసుకెళ్లారు. "ఎండ సక్కగ లోపలికి రాదు సారూ. బయటి వెలుగే రెండు దిక్కులకెల్లి వస్తది. స్తంభాలు అడ్డం వడ్డ జాగల చీకటి మిగుల్తది. సూర్యుడు తిరిగినా స్తంభాలు తిరగవు గదా." అదే గొంతుతో, అంతా శివయ్య మహిమ అంటూ నుదుట విభూతి పెట్టారు.

మా తాత కూడా ఇంతే. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం మన జిల్లాల మీదుగానే పోయింది కదా, అటు జపాల్ రంగాపూర్ అబ్జర్వేటరీలో ఉస్మానియా యూనివర్సిటీ వాళ్లు టెలిస్కోపులు పెట్టుకుని చూస్తుంటే, దేవరకొండలో మా ఇంట్లో పచ్చడి జాడీల మీద దర్భలు. అమ్మ ఇప్పటికీ చెప్తుంది: తాత పళ్లెంలో రోకలి నిలబెట్టి, పంచాంగంలోని పట్టు విడుపుల వేళను రేడియోలో చెప్పిన టైముతో సరిచూసుకున్నాడట. ఇంట్లో ఎవరినీ బయటికి పోనివ్వలేదు, నీళ్ల పళ్లెంలో సూర్యుడి నీడను మాత్రం తనే చూశాడు. ఈయన్ని ఆ నవలలో ఏ పక్షాన నిలబెడతారో మరి.

కుర్రాడు ఫోన్ జేబులో పెట్టుకుంటూ "పంతులు గారూ, స్తంభాల ముక్క కట్ చేస్తా, మహిమ ఒక్కటి చాలు, వ్యూస్ వస్తయి" అన్నాడు.

"నీ ఇష్టం బిడ్డా. కందూరు చోళులు కట్టిన గుడి అని మాత్రం సరిగ్గ చెప్పు. మొన్న ఒకాయన రామాయణం నాటిదని పెట్టిండు."