చింతపల్లి నుంచి కృష్ణదేవిపేట దాకా: మన్యం పితూరీ చోట్లు ఏ వరసలో చూడాలి

అల్లూరి సీతారామరాజు తిరిగిన చోట్లు చూడాలని మన్యం వెళ్లేవాళ్లలో చాలామంది రెండే చూసి వెనక్కి వచ్చేస్తారు: లంబసింగి మంచు, కృష్ణదేవిపేట సమాధి. మధ్యలో 1922-24 నాటి మన్యం పితూరీ (బ్రిటిష్ పాలన మీద తిరుగుబాటు), ఆ రెండేళ్ల పోరాటం మొత్తం వదిలేసినట్టే. ఆ చోట్లన్నీ చూడటానికి మూడు రోజులు చాలు. కానీ మ్యాప్‌లో ఏది దగ్గరుంటే అది చూసుకుంటూ పోవద్దు. తారీఖుల వరసలో వెళ్లండి. కొంత దూరం వెళ్లిన దారినే వెనక్కి రావాల్సి వస్తుంది, పెట్రోలు ఎక్కువవుతుంది. అయినా అలా వెళ్తేనే పితూరీ ఎక్కడ రాజుకుందో, ఎటు పాకిందో, ఎక్కడ ఆగిపోయిందో కళ్లకు కడుతుంది.

మొదలు నర్సీపట్నం నుంచి. రైల్లో వచ్చేవాళ్లు తునిలో దిగి బస్సెక్కడం మేలు. 'నర్సీపట్నం రోడ్' అనే స్టేషన్ ఉంది కదా అని అక్కడికి టికెట్ తీసుకుంటే ఇబ్బంది పడతారు, అది ఊరికి చాలా దూరం. ట్యాంకు నర్సీపట్నంలోనే నింపుకోండి, నగదు కూడా అక్కడే తీసుకోండి. ఘాట్ ఎక్కాక సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌లో డబ్బు కట్టడం కుదరని చోట్లు చాలా ఉంటాయి. మ్యాప్‌ను ముందే ఫోన్‌లోకి దించుకోండి. గుర్తింపు కార్డు జేబులో ఉండాలి, ఏజెన్సీలో పోలీసు తనిఖీలు మామూలే.

నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి వెళ్లే రోడ్డుంది. నా దృష్టిలో చూడాల్సిన మొదటి చోటు ఆ రోడ్డే. దాని పక్కన విగ్రహాలు ఉన్నా లేకపోయినా పితూరీకి నిప్పు రాజేసిన వాటిలో అదొకటి. ఈ దారి వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్. రోజుకు ఆరణాల కూలీ అని చెప్పి అణానో రెండణాలో చేతిలో పెట్టేవారు, ఎదురు మాట్లాడినవాళ్లను కొరడాలతో కొట్టించేవారు. అంతకుముందే 1882 మద్రాసు అటవీ చట్టం పోడును (అడవి కొట్టి చేసే సాగును) అడ్డుకుంది. తరతరాలుగా ముఠాలకు (కొన్ని ఊళ్లు కలిసిన కొండ ప్రాంతాలకు) పెద్దలుగా ఉన్న ముఠాదారుల అధికారం కూడా సన్నగిల్లింది. బట్టిపనుకుల మునసబు గాం గంటం దొరకు ఈ బాస్టియన్‌తోనే తగాదా, ఆ తగాదాలో పదవి పోయింది. గంటం దొర, తమ్ముడు మల్లు దొర తర్వాత రాజుకు కుడి ఎడమ భుజాలయ్యారు. ఘాట్‌లో మలుపులు తిరుగుతూ పైకి ఎక్కుతున్నప్పుడు ఒక్కసారి బండి పక్కకు ఆపి లోయవైపు చూడండి. యంత్రాలు లేని రోజుల్లో ఈ వాలు మీద బండరాయి పగలగొట్టి, మట్టి మోసి దారి వేసినవాళ్ల చేతికి వచ్చింది ఆ రెండణాలు.

డిసెంబరు, జనవరి నెలల్లో శని ఆదివారాలు మాత్రం ఈ ఘాట్ ఎక్కవద్దు. మంచు చూసే జనంతో లంబసింగి దగ్గర బండ్లు బారులు తీరుతాయి, తెల్లారి వెళ్లినా చింతపల్లి చేరేసరికి మధ్యాహ్నమవుతుంది. పొద్దున పొగమంచులో ఎదురుగా వచ్చే లారీ దగ్గరికి వచ్చేదాకా కనిపించదు. వారం మధ్యలో, ఎండ పడ్డాక బయల్దేరండి. పోలీసు స్టేషన్ల ముట్టడి జరిగిన తారీఖులకే వెళ్లాలనుకుంటే ఆగస్టు నెల. అప్పుడు వాన ఉంటుంది, గెడ్డలు (కొండవాగులు) పొంగుతాయి, ఘాట్‌లో కొండచరియలు జారతాయి. అప్పుడు వెళ్తే మూడు రోజుల్లో తేలదు, నాలుగు రోజులు పెట్టుకోండి.

1922 ఆగస్టు 22న రాజు, ఆయన మనుషులు చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు, మూడు వందల మంది దాకా. దొరికినవి 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు. పోలీసులకు ఏ హానీ చేయలేదు. తీసుకున్నవన్నీ స్టేషన్ రికార్డు పుస్తకంలోనే రాసి, కింద రాజు సంతకం పెట్టాడు. ఏం పోయిందో పోలీసులు లెక్క కట్టుకునే పని కూడా మిగల్చలేదన్నమాట. ఆ సంతకాన్ని మనసులో పెట్టుకుని చింతపల్లి చూడండి, లేకపోతే అక్కడ మామూలు మండల కేంద్రం తప్ప ఇంకేమీ కనిపించదు. స్టేషన్ ఆవరణలో ఫొటో తీయాలంటే ముందు లోపలికి వెళ్లి డ్యూటీలో ఉన్నవారిని అడగండి. గేటు బయట నిలబడి ఫోన్ ఎత్తితేనే గొడవ వస్తుంది, అడిగినవాళ్లకు సాధారణంగా కాదనరు.

ఆ రాత్రి చింతపల్లిలోనో లంబసింగిలోనో ఉండిపోయి మర్నాడు పొద్దున దామనపల్లి వెళ్లండి. ఇది గూడెం కొత్తవీధి మండలంలో ఉంది. తారీఖు చూస్తే ఇది తర్వాతి రెండు స్టేషన్ల కంటే నెల వెనకది, కానీ కొండ దిగేముందే చూడాలి కాబట్టి ఈ ఒక్కచోట వరస తప్పుతుంది. పాత పుస్తకాల్లో 'గూడెం' అని కనిపించే పేరు ఇక్కడిదే. 1922 సెప్టెంబరు 24న పోలీసు దళం ఈ ఘాట్‌లో వస్తుంటే, ముందు నడుస్తున్న మనవాళ్లయిన సిపాయిలను రాజు మనుషులు కదలకుండా పోనిచ్చారు. వెనక వస్తున్న ఆంగ్ల అధికారులు కవర్డ్, హైటర్ గురికి అందాకే పేల్చారు. ఇద్దరూ అక్కడే పడిపోయారు. అదెలా కుదిరిందో పుస్తకం చదివితే అర్థం కాదు. వాలు మీది అడవిలో కాలిదారి ఎంత సన్నగా ఉంటుందో చూడండి: మనుషులు ఒకరి వెనక ఒకరు వెళ్లాల్సిందే, పైన చెట్ల చాటున కూర్చున్నవాడికి అందరూ కనిపిస్తారు, కింద నడిచేవాడికి ఎవరూ కనిపించరు. అయితే లోపలికి ఒంటరిగా వెళ్లవద్దు. ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే తోడు ఎవరినైనా పంపిస్తారు, వాళ్ల సగం రోజు కూలీ మీరు ఇవ్వాలి. ఆ అధికారుల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి, దిగివచ్చేటప్పుడు అవి కూడా చూడండి.

చింతపల్లి నుంచి కృష్ణదేవిపేటకు మ్యాప్ అడవిలో అడ్డదారులు చూపిస్తుంది. కారుతో వాటిలోకి దిగవద్దు. మధ్యలో గెడ్డ అడ్డం వస్తే బండి తిప్పుకునే చోటు కూడా ఉండదు. మళ్లీ నర్సీపట్నం దిగి వెళ్లడమే క్షేమం. ఇక్కడ పేరు దగ్గర తికమక పడకండి: బస్సు బోర్డు మీద 'కె.డి.పేట' అని ఉంటుంది, అదే కృష్ణదేవిపేట. ఆగస్టు 23న ఇక్కడి స్టేషన్‌లో 7 తుపాకులు తీసుకున్నారు. రాజు మన్యానికి వచ్చిన కొత్తలో ఉన్నది కూడా ఈ ఊళ్లోనే. సమాధి ఇక్కడే ఉన్నా ఇప్పుడు ఆగకండి, మూడో రోజు చివర్లో చూద్దురుగాని. ముందుకు వెళ్తే రాజవొమ్మంగి. 24న అక్కడ పోలీసులు కాస్త ఎదురు తిరిగారు. 8 తుపాకులు దొరికాయి, స్టేషన్‌లో బందీగా ఉన్న వీరయ్య దొరను విడిపించారు. మూడు రోజులు, మూడు స్టేషన్లు, 26 తుపాకులు. ఆ దూరాలు వాళ్లు అడవిలో నడిచి వెళ్లారు, మనకు రోడ్డు మీద బండిలోనే ఒళ్లు పులిసిపోతుంది.

అడ్డతీగల, రంపచోడవరం ఆ తర్వాత. అక్టోబరు 15న అడ్డతీగల, 19న రంపచోడవరం. అప్పటికే పోలీసులు జాగ్రత్త పడ్డారు, ఆయుధాలు దక్కలేదు. అడ్డతీగలకు ఇంకా పాత చరిత్ర ఉంది. 1879 నాటి మొదటి రంప పితూరీ, కల్లు మీద పన్ను, మన్సబుదారు (ఆ ప్రాంతం మీద హక్కున్న దొర) దోపిడీ మీద లేచింది, ఈ కొండల్లోనే. 1922 నాటిదాన్ని కూడా రంప పితూరీ అనడం నాకు అంత సబబుగా అనిపించదు. రాజుకున్నది గూడెంలో, పాత పేరు మాత్రం రంపది. రాత్రికి రంపచోడవరంలో ఉండండి, బస తేలిగ్గా దొరికేది అక్కడే. అనకాపల్లి వైపు చోడవరం వేరు, ఇది వేరు, బస్సెక్కేటప్పుడు 'రంప' అని గట్టిగా చెప్పండి.

మూడో రోజు అదే దారిలో వెనక్కి, కొయ్యూరు మండలానికి. ఇది ఇప్పుడు పాడేరు కేంద్రంగా 2022లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉంది. సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లాలో పడింది.

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. పట్టుబడిన చోటు, చంపిన చోటు, దహనం చేసిన చోటు ఒకటే అనుకుంటారు. మూడూ వేరు. 1922 డిసెంబరులో పెదగడ్డపాలెం వరిచేలలో, ఆ వెంటనే లింగాపురం దగ్గర రాజు మనుషులు పన్నెండుమంది పోయారు. 1923 సెప్టెంబరులో మల్లు దొర దొరికిపోయాడు (స్వాతంత్ర్యం వచ్చాక 1952లో ఆయన విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచాడు). 1924లో అస్సాం రైఫిల్స్ దిగింది, ఊళ్ల మీద వేధింపులు పెరిగాయి. మే 7న మంప దగ్గర నీళ్ల ఒడ్డున రాజును చుట్టుముట్టి పట్టుకున్నారు. అక్కడి నుంచి కొయ్యూరు దగ్గర విడిది చేసిన మేజర్ గుడాల్ ముందుకు తెచ్చారు. చెట్టుకు కట్టి కాల్చారని జనం చెప్పుకుంటారు, పారిపోబోతే కాల్చామని ప్రభుత్వం రాసుకుంది. విచారణ లేదు. మర్నాడు కృష్ణదేవిపేటలో దహనం.

కాబట్టి ముందు మంప, తర్వాత చంపిన చోటైన కొయ్యూరు దగ్గరి రాజేంద్రపాలెం, చివర కృష్ణదేవిపేట. మంప వైపు సొంత బండి లేకపోతే కొయ్యూరులో ఆటో మాట్లాడుకోండి. రానూ పోనూ, ఆగే సమయం కలిపి బేరం ముందే తేల్చుకోవాలి, లేదంటే తిరుగు బండి దొరక్క అక్కడే చిక్కుకుపోతారు. మే నెలలో వెళ్లేవాళ్లు పొద్దున పదిలోపు మంప ముగించుకోవాలి, తర్వాత ఎండకు నిలబడలేరు. వానాకాలంలో వెళ్తే దోమతెర, ఒంటికి రాసుకునే మందు తప్పనిసరి. మన్యం జ్వరం ఆనాటి సిపాయిలనే కాదు, ఈనాటి యాత్రికులనూ వదలదు. తిరిగొచ్చిన రెండు మూడు వారాల్లో చలిజ్వరం వస్తే మన్యం వెళ్లొచ్చామని డాక్టరుకు ముందుగా చెప్పండి.

సమాధి దగ్గరికి సాయంత్రం నాలుగుకల్లా చేరేలా చూసుకోండి. తారీఖుల వరసలో వచ్చినవాళ్లకు అక్కడ కాసేపు కూర్చోవాలనిపిస్తుంది. నర్సీపట్నం బస్సు ఆఖరిది ఎన్నింటికో దిగిన వెంటనే అడిగి పెట్టుకుని, అప్పుడు లోపలికి వెళ్లండి.