నాయిన పోయాక కాగితాల పని

నాయిన బతికినన్నాళ్లూ నల్లగొండ జిల్లాలోని మా ఊళ్లోనే, బత్తాయి తోట పట్టుకుని ఉన్నాడు. ప్రాణం పోయింది మాత్రం హైదరాబాద్‌లో, ఆసుపత్రి మంచం మీద. దహనం ఊళ్లోనే చేశాం కాబట్టి డెత్ సర్టిఫికెట్ పంచాయతీ కార్యదర్శి ఇస్తాడని మా వాళ్లంతా అనుకున్నారు. ఆయన ఇవ్వలేడు. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం మనిషి ఎక్కడ చనిపోతే అక్కడే నమోదు కావాలి, దానికి గడువు 21 రోజులు. ఆసుపత్రి వాళ్లు వివరాలు నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీకి పంపితే, ఆ తర్వాత మీసేవలో సర్టిఫికెట్ తీసుకోవచ్చు. నేను ఉండేది హైదరాబాద్ కొత్తపేటలోనే కాబట్టి ఇక్కడి పనులు నా మీద పడ్డాయి. తమ్ముడు పుణెలో ఉంటాడు, కర్మ అయ్యాక సెలవు లేక వెళ్లిపోయాడు.

సర్టిఫికెట్ చేతికి వచ్చాక అసలు టెన్షన్ మొదలైంది. ఆసుపత్రి కేస్‌షీట్‌లో పేరు ఎలా ఉంటే సర్టిఫికెట్‌లోనూ అలాగే వస్తుంది. అంబులెన్స్ వెంట వచ్చిన పక్కింటాయన ఆ కంగారులో ఊళ్లో పిలిచే పేరు చెప్పాడు. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది. పట్టాదారు పాసుపుస్తకంలో పేరు చివర ‘అయ్య’ ఉంది, ఆధార్‌లో అది లేదు. ఇక పుట్టిన తేదీ అంటారా, ఆధార్‌లో జనవరి 1. మా ఊళ్లో ఆ వయసు వాళ్లలో సగం మందికి జనవరి 1నే పుట్టినరోజు. మా పిల్లలు అది నిజమనుకుని ఏటా కొత్త సంవత్సరం కేకు మీద తాత పేరు కూడా రాయించేవాళ్లు. "నేను పుట్టినప్పుడు వరికోతలని మా అమ్మ చెప్పేది, కేకు సంగతి చెప్పలే" అని నవ్వుకుంటూనే ముక్క తినేవాడు.

పేరు సరిచేయాలంటే ఆసుపత్రి నుంచి సవరణ లేఖ, నోటరీ అఫిడవిట్, ఈ పేర్లన్నీ ఒకే మనిషివని చూపే పాత కాగితాలు కావాలన్నారు. ఆసుపత్రి కౌంటర్‌లో ఆ లేఖ కోసం ఎంత తిప్పించారో చెప్పడం మొదలుపెడితే ఇక్కడ ఇంక దేనికీ చోటుండదు. పాత కాగితాల కోసం ఊరికి వెళ్లి నాయిన ట్రంకు పెట్టె తెరిచాం.

పైన పాత పాసుపుస్తకం, టైటిల్ డీడ్, ఓటరు కార్డు, సొసైటీ అప్పు రసీదులు. వాటి కింద పురికొసతో కట్టిన తక్‌పట్టీలు, గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్లో కమీషన్ ఏజెంట్లు రాసిచ్చినవి. తూకం ఎంత, ‘సూట్’ పేరుతో తీసిన తరుగు ఎంత, హమాలీ ఎంత, కమీషన్ ఎంత, లారీ కిరాయి ఎంత అని వరసగా ఉంటాయి. నాయిన చదివింది ఐదో తరగతి. అయినా ప్రతి పట్టీ వెనకా పెన్సిల్‌తో మళ్లీ లెక్క వేసుకున్నాడు. తేడా వచ్చిన చోట అంకె చుట్టూ సున్నా చుట్టాడు. ఆ సున్నాలు చూపించి ఏజెంటుతో ఎప్పుడైనా గొడవ పడ్డాడా అని అమ్మను అడిగాను. "అడిగితే మర్నాడు సరుకు దించనిస్తరా?" అంది.

ఒక పట్టీలో చివరి అంకె ముందు అడ్డగీత ఉంది. ముందు ఆ గీత ఏమిటో అర్థం కాలేదు. కింద నుంచి పైకి లెక్క చూస్తే తెలిసింది. ఆ రోజు కాయ ధర పడిపోయి, కిరాయి ఖర్చులు పోగా నాయినే ఏజెంటుకు బాకీ పడ్డాడు. తేదీ చూశాను. మా పాప బడిలో చేరిన వారం అది. ఆ పొద్దున మార్కెట్ నుంచి మా ఇంటికి నడిచి వచ్చి, సంచీలో మిగిలిన కాయలు వంటింట్లో కుమ్మరించి, సైకిలు కొనుక్కోమని పాప చేతిలో డబ్బు పెట్టాడు. రేటెట్లుందని మా ఆయన అడిగితే "మంచిగనే పోయింది అల్లుడా" అన్నాడు. ఆ డబ్బు ఎక్కడ తెచ్చాడో అమ్మకూ తెలియదు.

నాయినకు హైదరాబాద్ అంటే ఆ మార్కెట్టే. రాత్రి డీసీఎం వ్యానులో లోడు మీద గోనెపట్టా కప్పుకుని వచ్చేవాడు. పొద్దున వేలం అయ్యాక మా ఇంట్లో స్నానం చేసి, ఇంత తిని, ఎల్బీనగర్‌లో బస్సెక్కేవాడు. చార్మినార్ చూపిస్తామని పిల్లలు ఎంత బతిమాలినా "తోటకు నీళ్లు పెట్టాలె" అనేవాడు. మార్కెట్‌ను నగర శివార్లలోని బాటసింగారం తరలించాక ఆ రాకపోకలు తగ్గాయి. పాత మార్కెట్ జాగాలో ప్రభుత్వం టిమ్స్ ఆసుపత్రి కడుతోంది, 2022లో శంకుస్థాపన జరిగింది. మా బాబు ఆ క్రేన్లు చూస్తూ ఇప్పటికీ "తాత మార్కెట్" అనే అంటాడు.

ఆ కాగితాలతో పేరు సవరణ అయింది. తర్వాత ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్. దీనికి విచారణ ఉంటుంది. గిర్దావర్, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్, ఊరికి వచ్చి ఇంటి ముందు కుర్చీ వేసుకుని, చుట్టుపక్కల వాళ్లను పిలిచి ఆయనకు పిల్లలెందరని అడిగాడు. పక్క తోట పెద్దాయన "ఒక బిడ్డ, ఒక కొడుకు" అని చెప్పి ఊరుకోలేదు. "నా బోరు ఎండినప్పుడు ఆయన బోరు నీళ్లు రెండెండ్లు నా చెట్లకు ఇడిసిండు సార్. పైస తీస్కోలే. గది గూడ రాయున్రి." గిర్దావర్ నవ్వి, దానికి కాలమ్ లేదన్నాడు. ఆ నీళ్ల సంగతి నేను వినడం అదే మొదటిసారి.

విరాసత్, అంటే భూమిని వారసుల పేరుకు మార్చే పని, స్లాట్ రోజు తహసీల్దార్ ఆఫీసుకు అమ్మ, నేను, తమ్ముడు ముగ్గురం వెళ్లాం. 2020 అక్టోబర్ 29న మొదలైన ధరణి అనే ప్రభుత్వ భూరికార్డుల పోర్టల్‌లో జరిగిన ఈ పనులు 2025 ఏప్రిల్ 14 తర్వాత దాని స్థానంలో వచ్చిన భూభారతి కిందికి వచ్చాయి. పేరు మారింది కానీ వారసులంతా ఒప్పంద పత్రంతో రావాలి, వేలిముద్రలు వేయాలి. "ఆడపిల్లవు, నువ్వు తిరుగుడెందుకమ్మా, తమ్ముడు చూస్కోడా?" అని అక్కడ ఒకాయన సలహా ఇచ్చాడు. భూమి నాయిన స్వార్జితం, వీలునామా లేదు. 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం ముగ్గురికీ సమాన వాటా. నా సంతకం లేకుండా పని కాదని ఆయనకూ తెలుసు. భూమి మొత్తం అమ్మ పేరుకే మార్చాలని నేనూ తమ్ముడూ ముందే అనుకున్నాం. దీని మీద చుట్టాల్లో కొందరికి ఇంకా కోపం ఉంది, ఉండనీ.

అమ్మ బొటనవేలు మిషన్ పట్టలేదు. కలుపు తీసీ తీసీ గీతలు అరిగిపోయాయి. కొంగుతో తుడుచుకుని మళ్లీ పెట్టింది, పడలేదు. ఆపరేటర్ వేరే వేళ్లు ప్రయత్నించమన్నాడు. చివరికి ఎడమచేతి ఉంగరపు వేలు పడింది. రేషన్ షాపులో నాయినకూ ఇదే తంటా ఉండేది.

మిగతా పనుల గురించి చెప్పేది పెద్దగా లేదు. బ్యాంకులో నామినీగా అమ్మ పేరు ఉండటంతో ఖాతా క్లెయిమ్ సులువుగానే అయింది. పరామర్శకు వచ్చిన ప్రతి ఒక్కరూ రైతుబీమా వచ్చిందా అని అడిగారు. ఎల్ఐసీ ద్వారా ఇచ్చే ఆ 5 లక్షలు 18 నుంచి 59 ఏళ్ల రైతులకే. నాయిన ఆ వయసు దాటాక కూడా రోజూ తోటలోకి దిగాడు, పోయే ముందు నెలలో కూడా చెట్లకు పాదులు తీశాడు. ఈ నియమం నాకు ఏమాత్రం నచ్చలేదు.

మీ ఇంట్లో పెద్దవాళ్లుంటే ఆధార్, పాసుపుస్తకం, బ్యాంకు ఖాతా మూడూ పక్కపక్కన పెట్టి పేర్లు చూసుకోండి. ఆసుపత్రిలో చేర్చేటప్పుడు ఆధార్ చూసే పేరు రాయించండి. మాకు ఇంకా బోరు కరెంటు సర్వీసు నాయిన పేరు మీదే ఉంది. లైన్‌మన్‌ను అడిగితే మళ్లీ ఇవే జిరాక్సులు తెమ్మన్నాడు. ఈసారి ఊరికి వెళ్లినప్పుడు తమ్ముడు చూసుకుంటానన్నాడు.