మెదక్ చర్చిలో వెలుతురు వెంట ఒక రోజు

మెదక్ చర్చికి క్రిస్మస్‌కు వెళ్లడం వేరు, మామూలు రోజున వెళ్లడం వేరు. డిసెంబరు 25 తెల్లవారుజామున నాలుగున్నర ఆరాధన కోసం జనం ముందురోజు రాత్రే చేరుకుంటారు. మొక్కు తీర్చుకునేవాళ్లు, పసిపిల్లల్ని ఎత్తుకొచ్చినవాళ్లు, కర్ణాటక, మహారాష్ట్రల నుంచి వచ్చినవాళ్లు, క్రైస్తవులు కానివాళ్లు కూడా కొవ్వొత్తులు పట్టుకుని కిక్కిరిసి ఉంటారు. అది జాతర. ఆ భక్తిలో కలవాలంటే ఆ రోజే వెళ్లాలి. కట్టడాన్నీ రంగుటద్దాల్నీ కళ్లారా చూడాలంటే మాత్రం ఆదివారమో పండగో కాని రోజు కావాలి, పైన ఎండ ఉండాలి. మేం వెళ్లేది అలాంటి రోజునే. పొద్దున తొమ్మిదికల్లా లోపల ఉండేలా చూసుకుంటాం.

హైదరాబాద్ నుంచి దాదాపు 100 కిలోమీటర్లు. బాలానగర్, నర్సాపూర్ మీదుగా దారి. బస్సుకు మూడు గంటలు లెక్కేసుకోవాలి. 2022 నుంచి మెదక్‌కు రైలు కూడా ఉంది గానీ, రైళ్లు కొద్దే కాబట్టి వేళలు ముందే చూసుకోవాలి. నర్సాపూర్ అడవిలో కోతులకు కారులోంచి తిండి విసరకండి. దానికోసమే అవి రోడ్డెక్కి బండ్ల కింద పడుతుంటాయి.

ఆవరణలోకి రాగానే గుమ్మం వైపు పరుగు తీయొద్దు. కట్టడం 200 అడుగుల పొడవు, 100 అడుగుల వెడల్పు. గంట గోపురం ఎత్తు 175 అడుగులు, అంటే కట్టడం పొడవుకు 25 అడుగులే తక్కువ. దగ్గర నిలబడి తల ఎత్తితే గోపురం వెనక్కి వాలినట్టు కనిపిస్తుంది, ఫోటోలోనూ అలాగే వస్తుంది. బాగా వెనక్కి నడిచి, ఫోన్‌ను నిటారుగా పట్టుకోగలిగే చోట ఆగితేనే కొలతలన్నీ సరిగా పట్టుబడతాయి.

ఇది మధ్యయుగపు ఐరోపాలో పుట్టిన గోథిక్ శైలి. ఇంగ్లండ్‌లోని బోల్టన్‌కు చెందిన బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ సంస్థ దీన్ని రూపొందించింది. ఈ శైలికి ప్రాణం కొసదేరిన కమాను. అర్ధచంద్రాకారపు కమాను మీద బరువు పడితే అది పక్కలకు గట్టిగా తోస్తుంది. కొసదేరిన కమాను ఆ బరువులో ఎక్కువ భాగాన్ని కిందికి దింపుతుంది. మిగిలిన తోపును గోడకు బయట ఆనించి కట్టిన దిమ్మెలు ఆపుతాయి. అందుకే గోడల్లో అంతంత పెద్ద కిటికీలు పెట్టడం కుదిరింది. లోపలికి వెళ్లేముందు ఒకసారి చుట్టూ తిరిగి ఆ దిమ్మెల్ని చూడండి. రంగుటద్దాల కిటికీల్నీ బయటి నుంచే ముందు చూడాలి. పగటిపూట అవి మసిబారిన పలకల్లా, సీసపు గీతల వలలా ఉంటాయి. ఇందులో బొమ్మ ఉందంటే నమ్మబుద్ధి కాదు.

దీన్ని కట్టించింది చార్లెస్ వాకర్ పోస్నెట్. వెస్లియన్ మెథడిస్టు అనే బ్రిటిష్ ప్రొటెస్టెంటు శాఖ తరఫున ఇక్కడికి వచ్చిన మిషనరీ. 1914లో పని మొదలైంది, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. మధ్యలో మొదటి ప్రపంచయుద్ధం, ఇక్కడ కరువు. ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించి తిండి పెట్టారు. ఈ గోడల్ని చూసేటప్పుడు మాకు అన్నిటికంటే ముందు గుర్తొచ్చేది ఆ కూలీలే. వాళ్ల పేర్లు ఏ రాతి మీదా లేకపోయినా ఈ రాళ్లు ఎత్తింది వాళ్లు.

లోపల అడుగుపెట్టాక ఐదు నిమిషాలు ఊరికే కూర్చోండి. బయటి ఎండకు అలవాటైన కళ్లకు మొదట అంతా చీకటే. చాలామంది ఆ చీకట్లోనే గబగబా ఒక చుట్టు చుట్టి వెళ్లిపోతారు, అదే పెద్ద పొరపాటు. కూర్చున్నచోటి నుంచి ముందు నేలను చూడండి. ఈ మొజాయిక్ పలకలు బ్రిటన్ నుంచి వచ్చాయి, పరిచినవాళ్లు ఇటలీ మేస్త్రీలు. తర్వాత బూడిదరంగు రాతి స్తంభాల వెంట చూపును పైకప్పు దాకా తీసుకెళ్లండి. దాదాపు ఐదు వేలమంది పట్టే హాలు ఇది. ఇంత ఎత్తు కప్పు కింద మాట మార్మోగి ముద్దయిపోకుండా, పైన గుల్లగా, స్పాంజిలా ఉండే పదార్థం వాడారని చెబుతారు.

ఇక కిటికీలు. ఈ యాత్రకు గుండెకాయ అవే. కట్టడం సిలువ ఆకారంలో ఉంటుంది. బలిపీఠం వెనక ఉత్తరాన క్రీస్తు ఆరోహణం, అంటే పరలోకానికి ఎక్కివెళ్లడం. తూర్పు పడమరల రెక్కల్లో ఒకదాంట్లో క్రీస్తు జననం, రెండోదాంట్లో సిలువ దృశ్యం. మూడింటినీ చిత్రించింది లండన్ చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ. ఆయన చిన్ననాడే అన్నగారి రంగుటద్దాల కార్ఖానాలో పని నేర్చుకున్నాడు. ఆరోహణం 1927లో, జననం 1947లో, సిలువ 1958లో వచ్చాయి. కథ వరసలో చివరిది ముందు వచ్చింది. 1924లో ఇక్కడ మోకరించినవాళ్లలో ఎందరో మూడు కిటికీల్నీ కలిపి చూసి ఉండరు.

రంగుటద్దం అంటే అద్దం మీద రంగు పూసింది కాదు. గాజు కరిగినప్పుడే కోబాల్ట్ కలిపితే నీలం, బంగారమో రాగో కలిపితే ఎరుపు వస్తుంది. ఆ ముక్కల్ని కోసి, ముఖాలూ బట్టల మడతలూ ముదురు రంగుతో గీసి, బట్టీలో కాల్చి, సీసపు పట్టీలతో అతుకుతారు. మంచి పనివాడు ఆ సీసపు గీతల్ని బొమ్మలోనే కలిపేస్తాడు. ఒక చెయ్యి అంచూ అంగీ మడతా గీత ఎటు పోతే అటు నడుస్తాయి. 8 రెట్లు చూపే బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, మామూలు కంటికి అందని పనితనం బయటపడుతుంది.

పొద్దున తూర్పు కిటికీతో మొదలుపెట్టాలి. మధ్యాహ్నం ఉత్తరపు కిటికీ దగ్గర ఎక్కువసేపు కూర్చోవచ్చు. ఏడాదిలో ఎక్కువ నెలలు సూటి ఎండ దానికి తగలదు, అందుకే రంగులు నిలకడగా ఉంటాయి. మధ్యాహ్నం మూడు గంటల తర్వాత పడమర వైపు తిరగాలి. మబ్బు రోజైతే రంగులు మెత్తగా, సమంగా కనిపిస్తాయి గానీ ఆ మెరుపు ఉండదు. ఫోటోకు అనుమతి ఉందో లేదో గుమ్మం దగ్గర అడిగి తెలుసుకోండి. ఉంటే ఫ్లాష్ ఆపేయండి, అది గాజును వెలిగించదు, సీసాన్నే తేలుస్తుంది. ఫోన్ తెర మీద కిటికీలోని బాగా వెలుగున్న ముక్కను తాకి, వెలుతురు తగ్గిస్తే రంగు నిలుస్తుంది. లేకపోతే గోడ చీకటిగా ఉండటం చూసి ఫోన్ వెలుతురు పెంచేస్తుంది, బొమ్మంతా తెల్లబోతుంది. ఆరాధన జరుగుతుంటే తిరగొద్దు. వెనక బల్ల మీద కూర్చుంటే చాలు, కిటికీలు అక్కడి నుంచీ కనిపిస్తాయి.

పొద్దు గుంకాక పడమర కిటికీలో ముందు ఎరుపు నల్లబడుతుంది, నీలం కాసేపు నిలుస్తుంది, చివరికి సీసపు గీతలు కూడా చీకట్లో కలిసిపోతాయి. రాత్రి లోపలి దీపాలు గట్టిగా వెలిగితే మాత్రం లెక్క తారుమారవుతుంది. అప్పుడు రంగులు బయటికి కనిపిస్తాయి, బొమ్మ కుడి ఎడమలు మారి ఉంటుంది. క్రిస్మస్ తెల్లవారుజామున లోపల చోటు దొరకక ఆవరణలో నిలబడినవాళ్లు ఆ కిటికీల వైపు ఒకసారి తిరిగి చూడండి.