అరుగు మీద తీసివేతలు: పిక్కలు, ఈనె పుల్లలు, గోడ మీద గీత

బడులు తెరిచిన కొత్తలో

మా వీధిలో ఒకటి, రెండు తరగతులు చదివే పిల్లలను సాయంత్రం పూట అరుగు మీద కూర్చోబెట్టి లెక్కలు చేయించడం నాకు ఎంతో ఇష్టమైన వ్యాపకం. కూడికలు గబగబా చేసేసే పిల్లలు కూడా తీసివేత గుర్తు కనబడగానే పక్కవాళ్ల పలకల వైపు చూస్తుండడంతో, ఈ ఏడాది తీసివేతల మీదే ఎక్కువ కాలం నిలవాలని నిశ్చయించుకున్నాను.

మొదట చింతపిక్కలతో, పది లోపు అంకెలే. తొమ్మిదిలోంచి మూడు తీయమంటే కొందరు ‘తొమ్మిది, ఎనిమిది, ఏడు’ అని మూడు వేళ్లు ముడిచి, జవాబు ఏడు అంటున్నారు. బయలుదేరిన అంకెనే మొదటి అడుగుగా లెక్కించడం వల్ల వచ్చే తప్పు ఇది. అందుకని ఒక నియమం పెట్టాను: పిక్కను తీసి కొబ్బరి చిప్పలో వేసిన తరువాతే నోరు విప్పాలి, అప్పుడు కూడా మిగిలినవి ఎన్నో చెప్పాలి. పిక్క చిప్పలో పడిన చప్పుడు వినిపించాకే ‘ఎనిమిది’ అనడం అలవాటైన పిల్లలకు ఆ తప్పు చాలావరకు పోయింది. ఆ తరువాత పది పిక్కల్లో కొన్నింటిని చిప్ప కింద దాచి, బయట ఉన్నవి చూసి లోపలివి చెప్పమన్నాను. ఏడుకు మూడు, ఆరుకు నాలుగు అన్న జంటలు తడుముకోకుండా రానిదే రెండంకెల లెక్కల జోలికి వెళ్లకూడదని నా అభిప్రాయం.

జూలై

ఇప్పుడు కొబ్బరి ఈనెలు. కోనసీమలో వీటికి కరవు లేదు గాని, ఈనె మొదలు లావుగా, చివర సన్నగా ఉంటుంది కనుక మొదలు వైపు భాగాన్నే జానెడు చొప్పున నరికి, పీచు గీకి, రెండు మూడు ఎండలు తగలనివ్వాలి. లేకపోతే వానాకాలపు చెమ్మకు బూజు పడుతుంది. పది పుల్లలకు ఒక కట్ట. దారం ముడి పిల్లల వేళ్లకు లొంగదు కాబట్టి రబ్బరు బ్యాండే మేలు.

42లోంచి 17 తీయమన్నప్పుడు కాగితం మీద చాలామంది 35 వేస్తారు. రెండులోంచి ఏడు పోదు గనుక, ఏడులోంచి రెండు తీసి అయిదు వేసి, నాలుగులోంచి ఒకటి తీసి మూడు వేస్తారు. అదే లెక్కకు నాలుగు కట్టలు, రెండు విడి పుల్లలు ముందు పెడితే ఆ తిరకాసుకు తావే ఉండదు. రెండో తరగతి పాప కాసేపు పుల్లల వంక చూసి, “ఏడు పుల్లలు లేవండి, ఒక కట్ట ఊడదీయాలండి” అంది. విప్పితే మూడు కట్టలు, పన్నెండు పుల్లలు అయ్యాయి. ఏడు పుల్లలు, ఒక కట్ట పక్కకు పెట్టాక రెండు కట్టలు, అయిదు పుల్లలు మిగిలాయి. పక్క స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమనే పద్ధతిని ఆ పాపకు వేరే చెప్పవలసిన పని లేకపోయింది.

ఆగస్టు

గోదావరికి వరద వచ్చే రోజులు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అయితే రెండవది, 17.75 అయితే మూడవది అని ఇక్కడి పిల్లలు ఇళ్లలో వింటూనే ఉంటారు. మూడింటిలోనూ చుక్క తరువాతి భాగం ఒక్కటే కనుక దాన్ని వదిలేసి 11, 13, 17 తీసుకున్నా తేడాలు మారవు. గోడ మీద బొగ్గుతో నిలువు గీత గీసి, బెత్తెడు ఎడంతో ఇరవై దాకా గుర్తులు పెట్టాను. మొదటి హెచ్చరిక నుంచి మూడో హెచ్చరికకు ఎన్ని అడుగులు పెరగాలన్న ప్రశ్నకు కొందరు ఏడన్నారు. పిక్కల దగ్గర చూసిన తప్పే ఇది: 11 దగ్గరి గుర్తును కూడా లెక్కపెట్టేశారు. వేలిని గుర్తు మీద కాక రెండు గుర్తుల మధ్య ఖాళీలో పెట్టి పైకి పొమ్మంటే ఆరు వచ్చింది.

ఈ లెక్కలో ఎవరూ ఏదీ తీసేయలేదు, అయినా ఇది తీసివేతే. మిగిలినది చెప్పడమే కాక, రెండు అంకెల మధ్య ఎడం కొలవడం కూడా తీసివేత పనేనని పిల్లలకు తొలి నుంచే తెలియాలని నేను గట్టిగా నమ్ముతాను. ఎన్ని పోయాయి అన్న ఒక్క ప్రశ్నతోనే నేర్చిన పిల్లలు, ఎవరి దగ్గర ఎన్ని ఎక్కువ అని అడిగితే రెండు అంకెలూ కలిపేస్తున్నారు.

దసరా సెలవుల తరువాత

కొట్టు ఆట ఆడించాను. 38 రూపాయల సరుకుకు 50 ఇస్తే, కొట్టువాళ్లలాగే 38 నుంచి 40కి రెండు, అక్కడి నుంచి 50కి పది అని పైకి లెక్కపెట్టి 12 చేతిలో పెడుతున్నారు. నోటిలెక్కకు ఇదే చురుకైన దారి.

సున్నా దగ్గర మాత్రం ఇంకా తడబాటు ఉంది. 50లోంచి 23 తీయమంటే పలక మీద 33 వస్తోంది. కాబట్టి ప్రస్తుతం విడి పుల్ల ఒక్కటీ లేకుండా అయిదు కట్టలే ఇచ్చి, విప్పిన వెంటనే పలక మీద అయిదు కొట్టేసి నాలుగు, సున్నా స్థానంలో పది రాయిస్తున్నాను. పుల్లలతో చేసిన ప్రతి పనీ అప్పటికప్పుడే పలక మీదికి ఎక్కాలి. ఇది కుదురుకున్నాక పది కట్టలను ఒక మోపుగా కట్టి, నూరులోంచి తీసివేతలు మొదలుపెడతాను. అందుకు సరిపడా ఈనెలు ఇప్పటికే ఎండుతున్నాయి.