వెన్ను ఆపరేషన్ తర్వాత చీము, ఫార్మలిన్ డబ్బాతో నా గొడవ (నా అనుభవం)

మొన్న గురువారం మా బావ చేతికున్న పిక్ లైన్ (వారాల తరబడి మందు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం) తీసేశారు. 42 రోజులు, పూటకో ఇంజెక్షన్. విసుగు చల్లారకముందే రాసేస్తున్నాను. చల్లారాక రాస్తే మర్యాదగా రాస్తాను, అది ఎవరికీ పనికిరాదు.

బావది కొబ్బరి దింపు పని. ముమ్మిడివరం వైపు తోటలో చెట్టు మీంచి జారి పిరుదుల మీద కూలబడ్డాడు. అలా పడితే దెబ్బ ఎక్కువగా ఛాతీ వెన్నూ నడుం వెన్నూ కలిసే చోటికి పోతుంది. ఆయనకి ఎల్1, అంటే నడుం వెన్నులో మొదటి పూస నలిగి, ఓ ముక్క నరాల వైపు తోసుకొచ్చింది. తోటివాళ్ళు కాళ్ళూ చేతులూ పట్టి ఎత్తలేదు, లేపి కూర్చోబెట్టలేదు, నీళ్ళు పట్టలేదు. 108 వచ్చాక నలుగురు కలిసి తల, భుజాలు, నడుము ఒకే వరసలో ఉంచి, దుంగని దొర్లించినట్టు బోర్డు మీదికి చేర్చారు. ఎదుర్లంక వంతెన దాటి కాకినాడ. సీటీ, ఎమ్మారై, ఆరోగ్యశ్రీ అనుమతి, ఎమ్మెల్సీ (ప్రమాద కేసు) కాగితం అన్నీ ఒక్కరోజులో అయిపోయాయి. మర్నాడే పైన నాలుగు, కింద నాలుగు స్క్రూలు, రెండు టైటానియం రాడ్లు వేసి, నరాన్ని నొక్కుతున్న ఎముక తీసేశారు. మూడో రోజుకి ఎడం కాలి వేళ్ళు కదిలాయి. ఆ సర్జన్‌కి ఇప్పటికీ దణ్ణం పెడతాను.

ఇంటికొచ్చాక 13వ రోజున కట్టు మీద రూపాయి బిళ్ళంత తడి. చీము కాదు, పల్చటి గోధుమరంగు నీరు. ఊళ్ళో సూది వేసే ఆయన చూసి, "ఆయ్, కుట్లు పచ్చిగా ఉన్నాయండీ, అంతే" అని సెఫ్ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ గ్రాము చొప్పున రెండు పూటలా ఐదు రోజులు పొడిచాడు. తడి తగ్గింది. జ్వరం లేదు. కానీ తగ్గిపోయిన నడుం నొప్పి మళ్ళీ మొదలైంది, అదీ రాత్రిళ్ళు ఎక్కువ. లోపలి చీముకి జ్వరం రావాలని రూలేం లేదు. తగ్గిన నొప్పి తిరగబెట్టడమే పెద్ద గుర్తు. ఇంకోటి సీఆర్పీ, ఒంట్లో వాపుని పట్టిచ్చే రక్తపరీక్ష. ఆపరేషన్ అయిన రెండు మూడు రోజులకి అది బాగా పెరిగి, రెండు వారాలకల్లా మామూలుకి దిగాలి. దిగింది మళ్ళీ ఎక్కితే లోపల ఏదో ఉన్నట్టే. అలాంటిదే ఇంకో రక్తపరీక్ష ఈఎస్ఆర్‌ని నమ్ముకోకండి, అది వారాల తరబడి ఎక్కువగానే ఉంటుంది. బావ సీఆర్పీ 96, మామూలుకి చాలా పైన. పదిహేనేళ్ళుగా ల్యాబులో పనిచేస్తున్న నేను ఆ పరీక్ష ఐదు రోజులు ఆలస్యంగా చేయించాను. సిగ్గుగా ఉంది.

మళ్ళీ థియేటర్. తెరిచి, చెడిన కండ తీసేసి, తొమ్మిది లీటర్ల సెలైన్‌తో కడుగుతామన్నారు. స్క్రూలు తీయరు. ఎముక ఇంకా అతకలేదు, తీస్తే వెన్ను నిలవదు. అయితే ఆ లోహం మీద క్రిములు పొరలా అంటుకుని ఉంటాయి కాబట్టి, ఏ క్రిమో కచ్చితంగా తెలియాలి. అందుకు లోపలి కండ ముక్కలు, వేర్వేరు చోట్ల నుంచి కనీసం మూడు నుంచి ఐదు, వేరువేరు డబ్బాల్లో కల్చర్‌కి (క్రిముల్ని మొలిపించి చూసే పరీక్షకి) పంపాలి. పైపైన దూదిపుల్లతో తుడిచి పంపితే చర్మం మీది క్రిములే మొలుస్తాయి.

ఓ గంటకి ఓ అమ్మాయి బయటికొచ్చి డబ్బా చేతిలో పెట్టి, "కల్చర్‌కి బయట ల్యాబులో ఇచ్చేయండి" అంది. ఒకటే డబ్బా, ముక్కలన్నీ అందులోనే. మూత కాస్త వదులు చేశానో లేదో ముక్కు మండింది. ఫార్మలిన్! కండ కుళ్ళకుండా నిలవచేసే ద్రవం. అది క్రిముల్ని చంపేస్తుంది. అందులో వేసిన ముక్క సూక్ష్మదర్శిని కింద చూడ్డానికి పనికొస్తుందేగానీ కల్చర్‌కి కాదు. తలుపు కొట్టి చెప్పాను. "మీరెవరండీ మాకు చెప్పడానికి? బయాప్సీ అంటే ఫార్మలిన్‌లోనే వేస్తాం" అంది లోపలి ఆవిడ. నా ఉద్యోగం చెప్పాను. నవ్వింది. రెండోసారి కొడితే సెక్యూరిటీ అతను భుజం పట్టుకుని పక్కకి లాగాడు. మా అక్క బెంచీ మీంచి, "వదిలేయరా, లోపల ఉన్నది మీ బావ" అని ఏడుపు. వదల్లేదు. "సార్, కుట్లు వేసేశారా" అని గట్టిగా అరిచాను. ఆ గొంతుకి సర్జనే తలుపు దాకా వచ్చారు. డబ్బా వాసన చూసి ఒక్క మాటా అనకుండా లోపలికి వెళ్ళి, మత్తు డాక్టరు తగిలించబోతున్న వాంకోమైసిన్ యాంటీబయాటిక్‌ని ముక్కలు తీసేదాకా ఆపించి, ఇంకో నాలుగు ముక్కలు నాలుగు పొడి స్టెరైల్ డబ్బాల్లో పంపారు. అప్పటికి సగం కడిగేశారు. కడగకముందు తీసి ఉంటే ఇంకా మేలు. వాటిని ఐసులో పెట్టక్కర్లేదు, రెండు గంటల్లోపు ల్యాబుకి చేరాలి. నేను ఇరవై నిమిషాల్లో చేర్చాను. ఒక ముక్కకి సీబీనాట్ అనే టీబీ జన్యు పరీక్ష కూడా చేయించాను. ఫార్మలిన్ ముక్కలు పెథాలజీకి వెళ్ళాయి. టీబీ ఆనవాళ్ళు ఎక్కడా లేవు.

మొదటి రెండు రోజులూ ఏమీ మొలవలేదు. అది ఊళ్ళో పొడిపించుకున్న సెఫ్ట్రియాక్సోన్ పుణ్యం. కల్చర్‌కి ముందు పడిన యాంటీబయాటిక్ క్రిమిని చంపకపోయినా అణిచి పెడుతుంది. ప్లేటు పారేయొద్దు, పోషక ద్రవంలో ఇంకొన్నాళ్ళు ఉంచమని ల్యాబువాళ్ళ కాళ్ళావేళ్ళా పడ్డాను. ఐదో రోజుకి నాలుగింట రెండు ముక్కల్లో స్టెఫైలోకాకస్ ఆరియస్ మొలిచింది. రెండింట్లోనూ అదే క్రిమి వచ్చింది కాబట్టి అసలు దొంగ అదే. పైగా మందులకి లొంగని మొండిరకం కాదు. వాంకోమైసిన్ ఆపేసి సెఫజోలిన్ రెండు గ్రాములు ఎనిమిది గంటలకోసారి పెట్టారు. ఈ రకానికి వాంకోమైసిన్ కన్నా అదే బాగా పనిచేస్తుంది, కిడ్నీలకీ భయం తక్కువ. ఆ ఒక్క డబ్బాతో సరిపెట్టుకుని ఉంటే ఆరు వారాలూ వాంకోమైసిన్‌తో, వారానికి రెండుసార్లు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చూసుకుంటూ చీకట్లో నడిచేవాళ్ళం.

ఇంట్లో మందు నేనే ఎక్కించాను. పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది. పిక్ లైన్‌ని ముందూ వెనకా 10 మి.లీ. సెలైన్‌తో కడగాలి, అదీ 10 మి.లీ. సిరంజితోనే. చిన్న సిరంజితో నొక్కితే ఒత్తిడి ఎక్కువై గొట్టం పగలొచ్చు. కట్టు వారానికోసారి, తడిస్తే ఆ పూటే మార్చాలి. కాలవ స్నానం మాట ఎత్తనివ్వకండి.

తిండి దగ్గర అక్కతో రోజూ యుద్ధమే. పప్పు తింటే చీము, గుడ్డు తింటే చీము, వంకాయ సరేసరి. పదిరోజులు చారన్నంతో గడిపారు. గాయం మానేది మాంసకృత్తులతో. చారుతో కండ రాదు. పథ్యం చెప్పిన పెద్దవాళ్ళెవరూ రాత్రి నొప్పికి పక్కన కూర్చోలేదు. చివరికి రోజుకి మూడు గుడ్లు, పప్పు, చేప మొదలెట్టించాను.

మూత్రం ఇంకా సొంతంగా పూర్తిగా రావట్లేదు. నాలుగైదు గంటలకోసారి గొట్టం పెట్టి తీస్తున్నాం. ఒకసారికి 400 మి.లీ. దాటితే మధ్య గడువు తగ్గిస్తున్నాం. నిన్నటి సీఆర్పీ 4, అంటే మామూలుకి దిగింది. మాత్రలు నడుస్తున్నాయి, వచ్చే రక్తపరీక్ష పదిహేను రోజులకి.