గోడమీది పిల్లి పని

ఏ పార్టీకీ చెందనివాణ్ణి చూస్తే రెండు వైపులవాళ్లూ అనే మాట ఒకటే: గోడమీది పిల్లి. నిజానికి మధ్యలో ఉన్న ఓటరుకే పని ఎక్కువ.

2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో బూత్‌లోకి వెళ్లినవాళ్ల ముందు రెండు ఈవీఎంలు. లోక్‌సభది తెల్ల బ్యాలెట్ కాగితం, అసెంబ్లీది గులాబీ. అంటే రెండు నిర్ణయాలు. మొదటిదాంట్లో నొక్కిన గుర్తునే రెండోదాంట్లోనూ వెతుక్కుంటే రెండో ఓటు గురించి ఆలోచించనట్టే. (చాలామంది చేసేది అదే లెండి.)

అభ్యర్థి నామినేషన్‌తో ఇచ్చే ప్రమాణపత్రం, అదే ఫారం 26 అఫిడవిట్, ఎన్నికల సంఘం సైట్‌లో దొరుకుతుంది. ముందు కేసుల పేజీ తీయండి: ఏ సెక్షన్లు, కోర్టులో అభియోగాలు నమోదయ్యాయా లేదా. ధర్నా కేసూ మోసం కేసూ ఒకటి కాదు, కేసుల అంకె చూసి ఆగిపోతే లెక్క తప్పుతుంది. ఆ తర్వాత ఐదేళ్ల ఆదాయం, అప్పులు, ప్రభుత్వానికి కట్టాల్సిన బకాయిలు.

ఇద్దర్నీ సమానంగా తిట్టడం తటస్థత కాదు, బద్ధకం.

నోటా 2013 నుంచి ఉంది. అసెంబ్లీకైనా లోక్‌సభకైనా దానికే ఎక్కువ ఓట్లు పడ్డా, అభ్యర్థుల్లో ముందున్నవాడే గెలుస్తాడు. ఇండిపెండెంటు సంగతా? గెలిచాక పార్టీలో చేరితే రాజ్యాంగం పదో షెడ్యూల్ (ఫిరాయింపుల నిరోధక చట్టం) కింద అనర్హత. చేరకుండా ఊరికే మద్దతిస్తే మాత్రం వేటు పడదు.